బొర్రా గుహని "కనుక్కున్నది" ఎవరు?



పోటీ పరీక్షల గైడు ఏది తిరగేసినా ఈ ప్రశ్న కనిపిస్తుంది. బొర్రా గుహలను కనుగొన్నది ఎవరు? జవాబు కూడా పక్కనే ఉంటుంది: భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్, 1807. కొన్నిచోట్ల విలియం కింగ్ జార్జ్ అని కూడా రాస్తారు. మేం హాస్టల్లో దీన్ని బట్టీ పట్టాం. మాకు తెలిసిన సీనియర్లూ బట్టీ పట్టారు. ఇప్పుడు జూనియర్లు పడుతున్నారు. మన గ్రూపులో చాలామంది అరకు, అనంతగిరి, పాడేరు వైపు నుంచే ఉన్నారు కాబట్టి, ఈ ఒక్క బిట్టు ప్రశ్న మీద కూర్చుని కాస్త పొడవుగా రాద్దామనుకున్నాం. ఓపిగ్గా చదవండి. ఇందులో రాయి గురించి ఉంది, నది గురించి ఉంది, చివరికి మన భూమి గురించి కూడా ఉంది.

ముందు తేదీల సంగతి చూద్దాం.

భారత భూగర్భ సర్వే సంస్థ పుట్టింది 1851లో. థామస్ ఓల్డ్‌హామ్ దానికి మొదటి అధిపతి. అంటే 1807 నాటికి ఆ సంస్థే లేదు. విలియం కింగ్ అనే ఆయన మాత్రం నిజంగానే ఉన్నాడు. 1857లో ఆ సర్వేలో చేరాడు. కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద నివేదిక రాశాడు. 1887 నుంచి 1894 దాకా సంస్థకు డైరెక్టరుగా పనిచేశాడు. తెలంగాణ మిత్రులకి ఈయన పేరు ఇంకో రకంగా తెలిసే ఉంటుంది. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించింది ఈయనే. సింగరేణిలో "కింగ్ సీమ్" అనే బొగ్గు పొరకి ఆ పేరు ఈయన వల్లే వచ్చింది. 1871లో ఇల్లెందు అడవుల్లో తిరిగిన మనిషి, అంతకు 64 ఏళ్ల ముందు బొర్రాలో గుహ ఎలా కనుక్కుంటాడు? 1807 నాటికి ఆయన పుట్టనేలేదు. ఇంకో మాట, ఆయన తండ్రి పేరు కూడా విలియం కింగే. ఐర్లండులో భూగర్భశాస్త్రం ప్రొఫెసరు. నియాండర్తల్ మనిషికి శాస్త్రీయ నామం పెట్టింది ఆ తండ్రి. ఆయన పుట్టింది 1809లో. అంటే 1807 నాటికి కొడుకే కాదు, తండ్రి కూడా లేడు!

కాబట్టి ఆ జవాబులో మనిషి, సంవత్సరం రెండూ కలిసి నిజం కావడం కుదరదు. సంవత్సరం సరైనదైతే ఆ మనిషి కాదు. మనిషి సరైనవాడైతే ఆ సంవత్సరం కాదు. దీన్ని పట్టుకోడానికి పెద్ద పరిశోధన ఏమీ అక్కర్లేదు, రెండు పుట్టిన తేదీలు పక్కపక్కన పెడితే చాలు. అయినా ఏళ్ల తరబడి గైడు నుంచి గైడుకి అదే జవాబు పాకుతూ వస్తోంది. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కినవాళ్లలో మేమే మొదటివాళ్లం. అచ్చులో ఉన్నదాన్ని అనుమానించడం మాలాంటోళ్లకి అంత తేలిక కాదు. అందుకే ఇది గట్టిగా చెప్తున్నాం: అచ్చయినంత మాత్రాన ఏదీ నిజమైపోదు.

ఇంతకీ ఆ గుహ ఎలా పుట్టింది?

బొర్రా ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలో ఉంది. సముద్రమట్టానికి సుమారు 705 మీటర్ల ఎత్తు. చుట్టూ ఉన్న కొండలు తూర్పు కనుమల్లో చాలా పాతవి. వాటి రాయిని ఖోండలైట్ అంటారు. మన కోదుల పేరు మీదే ఆ రాయికి పేరు పెట్టారు. ఇంగ్లీషువాళ్లు కోదుల్ని "ఖోండ్"లు అని రాసుకునేవాళ్లు, అక్కణ్ణుంచి రాయికి ఆ పేరొచ్చింది. భూగర్భశాస్త్రం చదివే ప్రతివాడూ మన తెగ పేరు పలకాల్సిందే. ఆ కొండల మధ్య సున్నపురాయి ఉంది. భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ అది స్ఫటికంగా మారి పాలరాయిలా గట్టిపడింది.

వాన చినుకు గాలిలోంచీ, ఆకులు కుళ్లిన మట్టిలోంచీ దిగేటప్పుడు బొగ్గుపులుసు గాలిని కలుపుకుంటుంది. అప్పుడు ఆ నీళ్లు కొంచెం పుల్లబడతాయి. సోడా నీళ్లలో ఉండేది కూడా ఆ పులుపే. ఆ నీళ్లు సున్నపురాతి పగుళ్లలోకి దూరి రాయిని కరిగిస్తాయి. పగులు సందవుతుంది, సందు కన్నమవుతుంది, వేల ఏళ్లకి కన్నం గది అవుతుంది. నది దగ్గర్లో ఉంటే పని ఇంకా వేగంగా సాగుతుంది. వాగు ఒకచోట నేలలోకి దిగిపోయి, కొండ లోపల దారి చేసుకుని, ఇంకోచోట బయటపడుతుంది. ఇలా నీళ్లు మింగే చోట్లు సున్నపురాతి దేశాలన్నింటిలో ఉన్నాయి. నంద్యాల జిల్లా బేలం గుహల్లో పాతాళగంగ అనే చోట నీటిపాయ భూమిలోకి దిగి మాయమైపోవడం ఇప్పటికీ చూడొచ్చు.

బొర్రాలో ఆ పని చేసింది గోస్తని. గుహ సుమారు 80 మీటర్ల లోతు దాకా పోతుంది. కరిగిన సున్నం పైకప్పు నుంచి చుక్కచుక్కగా కారుతూ పైన వేలాడే స్తంభాల్నీ, కింద నుంచి లేచే దిమ్మల్నీ కట్టింది. పైవాటిని స్టాలక్టైట్లు అంటారు, కిందివి స్టాలగ్మైట్లు. ఒక్క వేలు ఎత్తు పెరగడానికి వందలు, ఒక్కోసారి వేల ఏళ్లు పడుతుంది. సరదాకి విరిచి జేబులో వేసుకునేవాడు ఎన్ని తరాల నీటి పనిని ఎత్తుకుపోతున్నాడో దీన్నిబట్టి ఆలోచించండి.

ఇప్పుడు మనోళ్ల కథకి వద్దాం.

బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో అందరికీ తెలిసిన కథే ఇది. ఒక ఆవు కొండ మీద మేస్తూ మేస్తూ కన్నంలోంచి కింద పడింది. కాపరి వెతుక్కుంటూ గుహలోకి దిగాడు. లోపల ఆవు బతికే ఉంది, దాని దగ్గర లింగంలాంటి రాయి కనిపించింది. ఆవుని కాపాడింది ఆ దేవుడే అనుకుని అక్కడ పూజ మొదలుపెట్టారు. శివరాత్రికి ఇప్పటికీ చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడ చేరతాయి. నది పేరుకి కూడా ఆవుతోనే సంబంధం. గో అంటే ఆవు, స్తనం అంటే పొదుగు. ఆవు పొదుగులోంచి కారిన పాలే నదయ్యాయని చెప్తారు. బొర్రా అన్న మాట కూడా కన్నం అనే అర్థం నుంచే వచ్చింది. ఒడియాలో, మన కొండల మీద అందరూ కలిపి మాట్లాడుకునే దేశియా ఒడియాలో ఆ మాట ఉంది.

టూరిస్టు పుస్తకాల్లో దీన్ని "స్థానికుల నమ్మకం" అని ఒక వాక్యంలో తేల్చేస్తారు. మేం ఆ కథని ఇంకోలా చదివాం. అందులో ఏమేం ఉన్నాయో చూడండి. గుహ పైకప్పుకి కన్నం ఉందని ఉంది, ఆ కన్నంలోంచి వెలుగు పడటం లోపలికెళ్లినవాళ్లందరూ చూస్తారు. పైనుంచి పడిన పశువు దగ్గరికి మనిషి వేరే దారిన చేరుకోగలడని ఉంది. లోపల కింద నుంచి లేచిన రాతి దిమ్మలు ఉన్నాయని ఉంది. ఈ గుహకీ కింద పారే నదికీ సంబంధం ఉందని కూడా ఉంది. భూగర్భశాస్త్రవేత్త నోటుబుక్కులో మొదటి పేజీలో రాసుకునేవి సరిగ్గా ఇవే. పేరు లేని ఆ కాపరి దీపమో కాగడానో పట్టుకుని లోపలికెళ్లి, తిరిగొచ్చి, చూసింది పదిమందికి చెప్పాడు. అన్వేషణ అంటే అదే కదా. ఆయన దాన్ని కాగితం మీద పెట్టలేదు, కథలో పెట్టాడు. అది తరతరాలూ చెడిపోకుండా మన దాకా వచ్చింది.

ఇంకా వెనక్కి వెళ్తే కాపరి కంటే ముందు కూడా మనుషులున్నారు. బొర్రా గుహల్లో పాతరాతియుగం నాటి రాతి పనిముట్లు దొరికినట్టు ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు నమోదు చేశారు. చదువుకున్నోడు వచ్చి "కనుక్కునే" నాటికి ఆ గుహ వేల ఏళ్లుగా మనిషికి తెలిసిన చోటే.

అలాగని రాసినవాళ్ల పని తక్కువేమీ కాదు. మేం ఆ మాట అనడం లేదు. బేలం గుహల్నే తీసుకోండి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు. తర్వాత దాదాపు వందేళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1982, 83లో డేనియల్ గెబవర్ అనే జర్మన్ అన్వేషకుడి బృందం వచ్చి టేపు పట్టి కొలిచి మ్యాపు గీసింది. మొత్తం 3,229 మీటర్లు అని తేలింది. ఆ కొలత లేకపోతే బేలం ఇవాళ అందరికీ తెలిసే గుహ అయ్యేది కాదేమో. కొలిచి రాసినవాడి పేరు ఉండాల్సిందే. అయితే దారి చూపినవాడి పేరు కూడా ఆ పక్కనే ఉండాలి, మేం అడిగేది అంతే.

అలా చేయొచ్చని మేఘాలయ చూపించింది. అక్కడ ఖాసీ, జయంతియా కొండల్లో వానాకాలం వాగులన్నీ సున్నపురాతి కన్నాల్లోకి దిగిపోతాయి. 1992 నుంచి స్థానికులూ విదేశీయులూ కలిసి ఏటా వెళ్లి వందల కిలోమీటర్ల గుహల్ని కొలిచారు. క్రెం లియాత్ ప్రా అనే ఒక్క గుహే 30 కిలోమీటర్లు దాటింది. "క్రెం" అంటే ఖాసీ భాషలో గుహ. ప్రపంచంలో ఏ శాస్త్రవేత్త రాసినా ఆ గుహల్ని ఆ పేర్లతోనే రాయాలి. ఆ కొండల్లోని మవ్మ్‌లూ గుహలో దొరికిన ఒక రాతి దిమ్మ పొరల్ని చదివి, 4,200 ఏళ్ల కిందట వచ్చిన పెద్ద కరువు కాలాన్ని గుర్తించారు. 2018లో భూమి చరిత్రలో మనం బతుకుతున్న ఈ కాలానికే "మేఘాలయన్" అని పేరు పెట్టారు. 2019లో ఉమ్ లాడావ్ గుహలో ప్రపంచంలోకెల్లా పెద్ద గుహచేప కనిపించింది. 2023లో దానికి పెట్టిన శాస్త్రీయ నామంలో అక్కడి ప్నార్ తెగ పేరు ఉంది. చూశారా, రాసేటప్పుడు ఎవరి మాట పెడితే అదే నిలుస్తుంది.

మరి మన బొర్రా లోపల ఏ పేర్లున్నాయి? శివపార్వతులు, తల్లీబిడ్డ, మొసలి, పుట్టగొడుగు, రుషి గడ్డం. టికెట్టు కొని వచ్చినవాళ్లకి చెప్పడానికి బానే ఉన్నాయి. వాటికంటే ముందు మన ముసలోళ్లు ఏ మూలని ఏమని పిలిచారో అడిగి రాసుకోవాల్సిన పని మాత్రం మనదే.

ఇక అసలు సంగతి. ఇదంతా పాత పేర్ల గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లు ఇక్కడ ఆగి చదవండి.

బొర్రా రాయి అందం చూసి వచ్చినవాళ్లే కాదు, ధర చూసి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. సున్నపురాయితో పాటు అక్కడ కాల్సైట్ ఉంది, దానికి ఫ్యాక్టరీల్లో గిరాకీ ఉంది. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకీ, అక్కణ్ణుంచి జపానుకీ పంపడానికి కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం వేశారు. ఆ పట్టాలు బొర్రా గుహల పైనుంచే పోతాయి. తర్వాత అనంతగిరి మండలంలో, బొర్రా పంచాయతీ ఊళ్లలో గనుల లీజులు ప్రైవేటు కంపెనీలకి ఇచ్చారు. అది ఐదో షెడ్యూలు ప్రాంతం. 1959 నాటి ఒకటో రెగ్యులేషన్, దానికి 1970లో చేసిన సవరణ ప్రకారం అక్కడి భూమి ఆదివాసీ కాని వ్యక్తికి బదిలీ కాకూడదు. మరి ప్రభుత్వమే లీజుకిస్తే? ఆ చట్టంలో "వ్యక్తి" అంటే ప్రభుత్వం కూడానా కాదా?

ఆ ప్రశ్ననే ఊళ్ల తరఫున సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకి తీసుకెళ్లింది. హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1997 జులై 11న తీర్పు వచ్చింది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు. మెజారిటీ ఏమందంటే, "వ్యక్తి" అంటే ప్రభుత్వం కూడా. షెడ్యూలు ప్రాంతంలోని భూమిని, అది ప్రభుత్వ భూమైనా సరే, ఆదివాసీ కానివాళ్లకి గనుల కోసం లీజుకివ్వడం చెల్లదు. తవ్వాల్సి వస్తే ప్రభుత్వ ఖనిజ సంస్థ గానీ, ఆదివాసీల సహకార సంఘాలు గానీ తవ్వొచ్చు. దేశమంతా ఇవాళ "సమత తీర్పు" అని చెప్పుకునేది ఇదే. ఎక్కడ భూమి గొడవ జరిగినా మన పెద్దలు ఎత్తే ఆ పేరు వెనక ఉన్నది బొర్రా. లా చదివే మన అన్నలు, అక్కలు దీన్ని సిలబస్‌లో చదువుతారు. గైడులో మాత్రం బొర్రా పక్కన 1807 ఉంటుంది, 1997 ఉండదు.

ఈ రెండు సంవత్సరాలకీ సంబంధం ఉంది. "ఫలానా దొర కనుక్కున్నాడు" అన్న మాటకి అర్థం, అప్పటిదాకా అక్కడ ఎవరూ లేరని. ఎవరూ లేని చోటు అని ఒప్పుకుంటే దాన్ని ఎవరికైనా రాసివ్వొచ్చు. మనం అక్కడ ముందు నుంచీ ఉన్నామని రాత మీద చూపించగలిగితే అది అంత తేలిక కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాల్లో 13వది చూడండి. హక్కు రుజువుకి ఏమేం చెల్లుతాయో అందులో ఉంది. ఊరి పెద్దలు చెప్పింది రాయించిన వాంగ్మూలం చెల్లుతుంది. పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు చెల్లుతాయి. అంటే మీ తాత చెప్పిన గుహ కథ పద్ధతిగా రాసి పెడితే అది కాలక్షేపం కబురుగా మిగిలిపోదు, రుజువులో భాగమవుతుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. గోస్తని మన కొండల్లో పుట్టి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. మధ్యలో తాటిపూడి జలాశయం ఉంది. విశాఖ నగరానికి అక్కణ్ణుంచి తాగునీళ్లు వెళ్తాయి. సున్నపురాతి కొండలో నీళ్లు మట్టిలో వడగట్టినట్టు దిగవు, కన్నాల్లోంచి నేరుగా పోతాయి. పైన ఏం పారేస్తే కింద అదే వస్తుంది. కాబట్టి బొర్రాని కాపాడటం మన ఒక్కళ్ల పని కాదు, పట్నం వాళ్లకీ అందులో భాగం ఉంది.

ఇవన్నీ మాట్లాడుకున్నాక మేం ఒక పని అనుకున్నాం. మీరూ చేయొచ్చు. అందరి ఊళ్లలో బొర్రా అంత గుహ ఉండదు. వాగు మాయమయ్యే కన్నమో, ఊట పుట్టే బండసందో, దేవుడి గుహో ఏదో ఒకటి ఉంటుంది. సెలవులకి వెళ్లినప్పుడు దాని గురించి రాసి పెట్టండి.

పద్ధతి పెద్ద కష్టమేం కాదు. ముందు ఇద్దరు ముగ్గురు పెద్దోళ్లని విడివిడిగా అడగండి. దాని పేరేంటి, ఆ పేరుకి అర్థమేంటి, ఎవరు మొదట చూశారంటారు, ఏ పండక్కి వెళ్తారు, ఎవరు వెళ్లకూడదు. వాళ్ల మాటని వాళ్ల భాషలోనే రాయండి, తెలుగు అర్థం కింద పెట్టండి. చెప్పినవాళ్ల పేరు, ఊరు, తేదీ వాళ్లు ఒప్పుకుంటేనే రాయండి. తర్వాత కొలత. నిజమైన గుహ సర్వేలో కూడా మూడే పనులు ఉంటాయి. ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకి టేపుతో దూరం, దిక్సూచితో దిశ, ఎంత ఎత్తు లేక పల్లం అనే వాలు. ఈ మూడూ వరసగా రాసుకుంటూ పోతే బయటికొచ్చాక కాగితం మీద మ్యాపు గీయొచ్చు. పెన్ను తడికి అలుక్కుపోతుంది, పెన్సిలు వాడండి.

లోపలికి వెళ్లే సంగతిలో మాత్రం మొండితనం వద్దు. గుహలు తెలిసినవాళ్లు లేకుండా వెలుగు పడే చోటు దాటి వెళ్లకండి. ఒక్కరే అసలు వెళ్లకండి. మనిషికి మూడు లైట్లు ఉండాలన్నది గుహల్లో తిరిగేవాళ్ల నియమం. ఎప్పటికి తిరిగొస్తారో బయట ఒకరికి చెప్పి వెళ్లాలి. వానాకాలంలో నీళ్లు మింగే గుహ జోలికి పోనే కూడదు, కొండ మీద ఎక్కడో పడ్డ వాన కాసేపట్లో లోపలికొచ్చేస్తుంది. 2018లో థాయిలాండ్ తామ్ లువాంగ్ గుహలో 12 మంది పిల్లలు, వాళ్ల కోచ్ ఇలాగే చిక్కుకుపోయారు. వాళ్లని బయటికి తెచ్చే పనిలో, ఆ గుహని ముందే తిరిగి కొలిచి పెట్టినవాళ్ల జ్ఞానం ఎంతో అక్కరకొచ్చింది. అయినా కాపాడటానికి దిగిన ఒక డైవరు ప్రాణం పోయింది. గబ్బిలాల్ని కదపొద్దు, రాళ్లు విరవొద్దు, గోడల మీద పేర్లు రాయొద్దు. రిజర్వు ఫారెస్టు అయితే అనుమతి తీసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర్లో చెప్తున్నాం. రాసిందంతా అందరికీ చూపించాలని లేదు. కొన్ని గుహల్లో మన దేవుళ్లున్నారు, కొన్ని చోట్ల పెద్దల ఎముకలున్నాయి. ఏది బయటపెట్టాలో, ఏది ఊళ్లోనే ఉంచాలో గ్రామసభలో కూర్చుని తేల్చాలి. దారి చెప్పే మ్యాపు మంచోడి చేతికీ వెళ్తుంది, లీజు కోసం తిరిగేవాడి చేతికీ వెళ్తుంది. కాపీ ఒకటి ఊళ్లో, ఒకటి మీ దగ్గర ఉంచండి. పెద్దోళ్లు పోయేలోపు ఈ పని అవ్వాలి, ఎందుకంటే వాళ్లతో పాటు పోయే పేర్లు ఏ సర్వే ఆఫీసులోనూ దొరకవు.

పరీక్షలో ఆ ప్రశ్న వస్తే ఏం చేయాలి అని మా రూమ్మేటు అడిగాడు. మార్కు కావాలంటే కీలో ఉన్నదే పెట్టుకోవాలి, ఏం చేస్తాం. కానీ మీ తమ్ముళ్లకి, చెల్లెళ్లకి చెప్పేటప్పుడు మాత్రం ఆవు పోగొట్టుకున్న కాపరితో మొదలుపెట్టి, 1997 దాకా చెప్పండి.

జోహార్.